ఆకాశం నుంచి పాఠాలు విన్న ఊరు

హైదరాబాద్ నుంచి కర్నూలు వెళ్ళే పెద్ద రోడ్డు మీద షాద్‌నగర్ దాటితే బాలానగర్ వస్తుంది. దసరా రోజుల్లో అటు వెళ్ళినవాళ్ళకి చెప్పనక్కర్లేదు, రోడ్డు పక్కనంతా గంపల్లో సీతాఫలాలే. కళ్ళు విచ్చినవి ఆ పూటకీ, గట్టివి ఇంటికీ అని ఏరుకుని ఇంకాస్త ముందుకి పోతే జడ్చర్ల. అక్కణ్ణించి ఆటోలో అరగంట లోపలికి పోతే మా అత్తగారి ఊరు. పాలమూరు వచ్చినవాళ్ళంతా పిల్లలమర్రి చూసి, ఫోటోలు దిగి వెళ్ళిపోతారు. ఆ మర్రి చూడదగ్గదే, కాదనను. కానీ మా ఊరి ప్రాథమిక పాఠశాల వెనకాల కూడా చూడాల్సింది ఒకటుంది. చెబితే నవ్వుతారేమో, అది ఒక సిమెంటు దిమ్మె. మధ్యలోంచి జానెడు ఎత్తున తుప్పు పట్టిన ఇనుప గొట్టం బయటికి వచ్చి ఉంటుంది. ఇప్పుడు దానికి మేకల్ని కట్టేస్తున్నారు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ దిమ్మె పక్కనుంచి ఎన్నిసార్లు నడిచానో! పోయిన బతుకమ్మకి మా పెద్దవదిన పుట్టింటికి వచ్చినప్పుడు తంగేడు పూలకని అటు వెళ్ళాం. అప్పుడు చెప్పింది.

"గీ దిమ్మె మీదనే గొడుగు నిలబెట్టిండ్రు. కోళ్ళ గూటికి కొట్టే జాలి ఉంటది సూడు, గసుంటి జాలితోనే చేసిండ్రు. గంత పెద్ద గొడుగు మల్ల నేను సూడలే. పొద్దు గూకే దిక్కు మొకం పెట్టి ఉండేది."

వదిన అప్పుడు నాలుగో తరగతి. 1975వ సంవత్సరం. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం ఇంకా లేదు, అది 1977 అక్టోబరులో గానీ రాలేదు. పట్నంలో కలిగినవాళ్ళ ఇళ్ళల్లో లేని టీవీ, పాలమూరు పల్లెలో చింతచెట్టు కింద బడిలోకి వచ్చి కూర్చుంది. ఇదెలా అయిందో పిల్లలకి చెప్పాలని అమ్మాయి చేత చదివించుకుని తెలుసుకున్నాను.

మన అంతరిక్ష కార్యక్రమానికి పునాది వేసిన విక్రమ్ సారాభాయ్ గారి ఆలోచన ఇది. పల్లెపల్లెకీ తీగలూ టవర్లూ వేసుకుంటూ పోతే ఎన్ని దశాబ్దాలు పడుతుంది, ఆకాశం నుంచి నేరుగా ఊళ్ళోకే పంపిస్తే పోలేదా అని. 1969లో అమెరికా వాళ్ళ నాసాతో ఒప్పందం కుదిరింది. పాపం, ఆయన చూడలేదు, 1971 డిసెంబరులోనే పోయారు. నాసా వాళ్ళు ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని మనకి ఒక్క ఏడాది అరువిచ్చారు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు. పక్కింటి నుంచి ఇడ్లీ పాత్ర అరువు తెచ్చుకున్నట్టు, గడువు కాగానే తిరిగిచ్చెయ్యాలి. అది ఆఫ్రికాలో కెన్యా ఉన్న వైపు ఆకాశంలో నిలబడి ఉండేది, అందుకే మా ఊరి గొడుగు పడమర ముఖం పెట్టింది. దీనికి 'సైట్' అని పేరు.

ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్ళు ఎంచారు. వెనకబడ్డ జిల్లాలే కావాలన్నారు. మన రాష్ట్రం వంతుకి మహబూబ్‌నగర్, కర్నూలు, మెదక్, హైదరాబాద్ జిల్లాల పల్లెలు వచ్చాయి. వెనకబాటుతనం కూడా ఒక్కోసారి అలా అక్కరకొస్తుంది కాబోలు! టీవీ పెట్టెలు మన హైదరాబాద్ ఈసీఐఎల్‌లో తయారయ్యాయి. గొడుగు అడ్డం పది అడుగులు, అది మాత్రం వదిన చెప్పినట్టు కోళ్ళ జాలీయే. ఖర్చు తక్కువ, గాలి జాలీలోంచి దూరి పోతుంది, విరిగితే ఊళ్ళోనే ఎవరైనా బాగు చేసుకోవచ్చు. కరెంటు లేని కొన్ని ఊళ్ళలో బ్యాటరీల మీద నడిపారు. ఇంత తెలివి నాకు చాలా నచ్చింది.

ఇక పాఠం సంగతి. రోజుకి నాలుగు గంటల ప్రసారం. సాయంత్రం రెండున్నర గంటలు పెద్దవాళ్ళకి వ్యవసాయం, ఆరోగ్యం, ఆటపాటలు. పొద్దున గంటన్నర బడిపిల్లలకి. ఆ గంటన్నరని హిందీ, ఒరియా, తెలుగు, కన్నడం నాలుగు భాషలూ పంచుకోవాలి. అంటే మన తెలుగు పిల్లల వాటా 22 నిమిషాలు. అంతే! పప్పు పొయ్యి మీద పెట్టి దించేంత సేపు.

"గా ఇర్వై నిమిషాల కోసం పొద్దుగాల్నే తలకు నూనె వెట్టుకొని, జడలు ఏసుకొని ఉరికేటోళ్ళం. గంతకు ముందు బడికి రమ్మంటే ఏడ్చేటోళ్ళు సుత ఒచ్చి ముందల్నే కూసునేటోళ్ళు" అంది వదిన. తెలుగు అయిపోయాక కన్నడం వచ్చినా లేవకుండా చూసేవారట. నీళ్ళలో ఏది తేలుతుంది, ఏది మునుగుతుంది అన్న పాఠం ఆమెకి బాగా గుర్తు. ఇంటికొచ్చి నీళ్ళ గాబులో కుంకుడుకాయలు, మేకులు, అమ్మ మట్టెలు కూడా వేసి చూసిందట. మట్టెలకి తన్నులు తిన్నది వేరే సంగతి.

ఆ సైన్సు పాఠాలు తీయడానికి ఇస్రో వాళ్ళు బొంబాయిలో ప్రత్యేకంగా స్టూడియో పెట్టుకున్నారు. పిల్లలకే కాదు, సెలవుల్లో పంతుళ్ళకీ ఇదే టీవీ ద్వారా పన్నెండేసి రోజుల చొప్పున సైన్సు శిక్షణ ఇచ్చారు. రెండు విడతల్లో దాదాపు 50 వేల మంది నేర్చుకున్నారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి. తర్వాత జరిగిన పరిశీలనల్లో, టీవీ వల్ల బడి మానేసే పిల్లలేమీ పెద్దగా తగ్గలేదని తేలింది. పొలం పని, తమ్ముణ్ణి ఎత్తుకోవడం టీవీ వస్తే ఆగుతాయా మరి? కానీ చూసిన పిల్లలకి మాట బాగా వచ్చింది, ఇంకా తెలుసుకోవాలనే ఆశ పుట్టింది అన్నారు. మార్కుల్లో కనపడనిది అదే కదా.

ఏడాది కాగానే ఉపగ్రహం వెళ్ళిపోయింది. ఆ మర్నాడు కూడా పిల్లలు జడలు వేసుకుని వచ్చి కూర్చున్నారని, తెర మీద చుక్కలు తప్ప ఏమీ రాలేదని చెప్తుంటే వదిన గొంతు మారింది. జాలీని ఎవరో కందిచేనుకి కంచెగా పట్టుకుపోయారట. పెట్టె కొన్నాళ్ళు పంచాయతీ గదిలో ఉంది, తర్వాత జాడ లేదు.

మళ్ళీ 1982లో ఇన్సాట్ పేరుతో మన రాష్ట్రంలో బడి పాఠాలు మొదలయ్యాయి, 5 నుంచి 8 ఏళ్ళ వాళ్ళకి వేరే, 9 నుంచి 11 ఏళ్ళ వాళ్ళకి వేరే. అవి మా కాలం నాటివి. నేను చదివిన బడిలోనూ టీవీ ఉండేది, తాళం వేసిన చెక్కపెట్టెలో! పాడైపోతుందని తెరిచేవారు కాదు. ఆ పెట్టె మీద పూలకుండీ పెట్టుకున్నాం.

పట్నం తిరిగొచ్చాక ఆ తేలడం-మునగడం పాఠం వదినకి ఒక్కసారి చూపిద్దామని మా అమ్మాయి ఫోన్లో గంటల తరబడి వెతికింది. దొరకలేదు. ఎందుకు దొరకదో తర్వాత అర్థమైంది. ఆ రోజుల్లో వీడియో టేపు చాలా ఖరీదు. ప్రసారం అయిపోయాక దాన్నే చెరిపి ఇంకోటి రికార్డు చేసుకోవడం ఎన్నో దేశాల టీవీ కేంద్రాల్లో మామూలే. బీబీసీ అంతటి సంస్థే 1960, 70లలో ఎన్నో కార్యక్రమాలు అలా చెరిపేసింది. హార్లిక్స్ సీసా కడిగి కందిపప్పు పోసుకునే మనకి ఇందులో వింతేముంది? సినిమా అయితే మళ్ళీ ఆడిస్తే డబ్బులొస్తాయి. బడిపిల్లల పాఠానికి అదీ లేదు. చెరపకుండా మిగిలిన టేపులకైనా ఆయుష్షు తక్కువే. ఊరగాయ జాడీకి తడి తగిలినట్టు, చెమ్మ తగిలితే బూజు పడుతుంది. ఆడించే యంత్రాల తయారీ ఆగిపోయింది. 2025 ప్రాంతానికల్లా వాటిని ఆడించి కాపీ తీయడమే కష్టమవుతుందని 2019లో యునెస్కో హెచ్చరించింది. మామూలు వీసీఆర్‌ల తయారీ 2016లోనే ఆగిపోయింది.

అన్నట్టు, మీ ఇళ్ళల్లో పెళ్ళి క్యాసెట్లు, పిల్లల డాన్సు క్యాసెట్లు అటక మీద ఉంటే ఇవాళే దించండి. పడుకోబెట్టకుండా పుస్తకాల్లా నిలబెట్టండి. వంటగది పక్కన, స్పీకర్ల పక్కన వద్దు. బూజు కనపడితే వేసి చూడకండి, యంత్రమూ పాడవుతుంది. కాపీ చేసిపెట్టే షాపులు ఇంకా ఉన్నాయి, ఉన్నప్పుడే చేయించుకోవాలి.

మా ఊరి బడికి ఇప్పుడు ఒక కుర్ర టీచరమ్మ వచ్చింది. కరోనాలో 2020 సెప్టెంబరు నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ళలో పాఠాలు వచ్చినప్పుడు, టీవీ లేని పిల్లల్ని ఉన్న ఇళ్ళలో కూర్చోబెట్టి చూపించిందట. దిమ్మె కథ వినగానే 'మీ ఊరికి అప్పుడే వచ్చిందా!' అని ఒక నోటుబుక్కు తీసింది. ఆ ఏడాది టీవీ చూసినవాళ్ళ పేర్లు, ఎవరికేం గుర్తుందో రాస్తోంది. దీపావళికి మేం వెళ్ళేసరికి పధ్నాలుగు పేర్లయ్యాయి. అందులో ముగ్గురు లేరు, వాళ్ళ పిల్లలు చెప్పింది రాసుకుంది. ఉప్పునీళ్ళలో గుడ్డు తేలిన పాఠం తెలుగులో వచ్చిందని వదిన, కాదు కన్నడంలో అని చాకలి ఐలమ్మ వీధి చివరి ఇంటి పెద్దమ్మ. ఇద్దరూ గట్టిగానే వాదించుకున్నారు. టీచరమ్మ రెండూ రాసింది.

"మేడం, ఇంకొకామె ఉన్నది. నా జోడిది. దానికి పాటలు సుత యాదికుంటయి" అంది వదిన లేచేటప్పుడు. ఆమె పెళ్ళవగానే పాలమూరు కూలీలతో భివండి వెళ్ళిపోయి అక్కడే ఉండిపోయింది. టీచరమ్మ పదిహేనో పేరు రాసి, ఎదురుగా 'ఫోన్ నంబరు కనుక్కోవాలి' అని పెట్టుకుంది.