రెండు వాటాల ఇల్లు

ఇల్లు అమ్ముతామని నలుగురి చెవిన వేసిన వారంలోపే ఐదుగురు వచ్చి చూసిపోయారు. చూడటమంటే ఇంటిని కాదు. ఒకాయన టేపు పట్టి వీధి వెడల్పు కొలిచాడు. ఇంకొకాయన వెనకసందు మునిసిపాలిటీదేనా అని అడిగాడు. తలెత్తి కప్పు చూసినవారు ఒక్కరూ లేరు. మద్రాసులో స్థలాన్ని గ్రౌండుల్లో లెక్కిస్తారు. గ్రౌండంటే 2400 చదరపు అడుగులు. మాది అర గ్రౌండు. బేరమంతా దానికే. టేకు దూలాల మీద సన్న ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో కట్టిన మద్రాసు మిద్దెకు విలువ సున్న. పైగా పడగొట్టే ఖర్చు తగ్గించుకోవాలన్నారు. పాత టేకుకు అడితిలో ఏం ధర పలుకుతుందో వాళ్ళకు తెలియదని నేననుకోను.

మా పేట చూళై. తమిళంలో ఆ మాటకు ఇటుకబట్టీ అని అర్థం. మనవాళ్ళు, తమిళులు, మార్వాడీలు, పక్కనే వేపేరిలో ఆంగ్లో ఇండియన్లు. ఏ తలుపు తడితే ఏ భాష పలుకుతుందో చిన్నప్పుడే మాకు కంఠతా వచ్చేది. మా తాత కొత్తవాల్ చావడిలో మండీ గుమాస్తా. 1941లో ఈ ఇల్లు కొన్నారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చి, మద్రాసు ఇటే ఉండిపోయినప్పుడు సర్కారు ఉద్యోగాల్లో ఉన్న బంధువులు కొందరు కర్నూలుకూ గుంటూరుకూ వెళ్ళారు. తాత కదలలేదు. మండీ ఇక్కడుంది కనుక కదలలేదు, అంతే. అందులో త్యాగమేదో వెతకనక్కర్లేదు. ఆ మండీలూ 1996లో కోయంబేడుకు తరలిపోయాయి.

రెండో వాటాలోకి 1974లో ఆర్కాటు నుంచి ఒక రైల్వే కార్మికుడు కొత్త పెళ్ళాంతో వచ్చాడు. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. ఆవిడ ఉంది. మా అమ్మను అక్కా అనేది కనుక నాకు పిన్ని. నన్ను తంబీ అంటుంది. ఆవిడ తమిళంలో అడుగుతుంది, నేను తెలుగులో చెబుతాను. యాభై ఏళ్ళుగా మాకు దుబాసీ అవసరం రాలేదు. రెండు వాటాలకూ మధ్య నడవ, నడవ చివర ఉమ్మడి బావి. 2003లో సర్కారు ఇంటింటా వాననీటి ఏర్పాటు ఉండాలన్నప్పుడు మిద్దెనీళ్ళు అందులోకే మళ్ళించాం.

ఎందుకు అమ్ముతున్నామంటే, అర గ్రౌండును ముగ్గురు పంచుకోలేరు. తమ్ముడు హోసూరులో, చెల్లెలు బెంగళూరులో. దూలాలకు చెద పట్టింది. నా పెన్షనుతో బాగు చేయించే పని కాదు.

చివరికి బేరం కుదిరింది ఒక మార్వాడీ వ్యాపారితో. ఆయన తమిళం నా తమిళం కన్నా శుభ్రంగా ఉంటుంది. ఆయన వకీలు తల్లిపత్రం అడిగాడు. తీసి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి, "ఇదేం భాష సార్?" అన్నాడు. తాత పత్రం తెలుగులో ఉంది. ఆనాటి మద్రాసులో అది వింత కాదు. ఇప్పుడు ఇంగ్లీషు చేయించి తెమ్మన్నారు. తమ్ముడి కూతుర్ని చదవమన్నాను. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే పిల్ల. బడిలో మాత్రం 2006 చట్టం ప్రకారం మొదటి భాష తమిళమే చదివింది. అక్షరాలు చూసి, "గుండ్రంగా బాగున్నాయి పెదనాన్నా" అంది. చదివింది నేనే. తూర్పున నాయుడుగారి ఇల్లు, దక్షిణాన రాజవీధి, నడిమి బావి ఉమ్మడి. పుత్ర పౌత్ర పారంపర్యంగా, దాన వినిమయ విక్రయాలకు యోగ్యంగా అనుభవించమని ఒకే గుక్కలో రాశాడు ఆ దస్తావేజు లేఖకుడు. మనవడికి చెందాలన్నవాడే అమ్ముకోవచ్చనీ అన్నాడు. గడప మీద కూర్చుని వింటున్న పిన్ని, తమ పత్రాల్లోనూ అవే మాటలుంటాయంది.

అసలు పత్రం కొన్నవారికే పోతుంది, అది రివాజు. నాకు మిగిలేది జెరాక్సు.

పిన్ని సంగతే ముగ్గురం తేల్చుకోలేకపోయాం. ఇల్లు ఖాళీగా అప్పగించాలని ఒప్పందం. 2017 అద్దెచట్టం 2019లో అమలుకు వచ్చింది. దాని ప్రకారం రాతకోతల ఒప్పందం ఉండాలి. మాకు ఏనాడూ కాగితం లేదు. అడ్వాన్సు తిరిగిస్తే చాలదా అంది చెల్లెలు. చట్టం దృష్టిలో చాలునేమో. ఆవిడ చేతి గంజి తాగి జ్వరాలు పోగొట్టుకున్నవాళ్ళం మేం. అమ్మ ఆసుపత్రిలో ఉన్న నెలంతా చెల్లెలికి జడ వేసింది ఆవిడే. ఆ మాట నేను ఫోనులో అనేశాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. మర్నాడు ముగ్గురం తలా లక్ష తీయడానికి ఒప్పుకున్నాం. పిన్ని ఆ డబ్బు గురించి మంచీ చెడూ ఏమీ అనలేదు. కొళత్తూరులో కొడుకు ఇంటి దగ్గరే కింది వాటా చూసుకుంది.

ఇక గడువు. కొనేవాడు డిసెంబరు ఆఖరుకి తాళంచెవులు కావాలన్నాడు. మార్గళిలో కొత్తింట పాలు పొంగించనంది పిన్ని. మనకూ అది ధనుర్మాసమే. నేను ఆయనకు భయపడుతూనే చెప్పాను. ఆయన నవ్వి, "మాకూ మలమాసం సార్, నేనూ అప్పుడు పని మొదలుపెట్టను" అన్నాడు. రిజిస్ట్రేషను తై నెల మొదటివారానికి పెట్టుకున్నాం.