ఆపరేషన్‌కు ముందు

2025 నవంబరు 1, శనివారం

తేదీ ఖాయమైంది. 12న ఆస్పత్రిలో చేరాలి, 13 పొద్దున ఆపరేషన్. పెద్దపేగులో కుడివైపు భాగం తీసేసి, చిన్నపేగు చివరను మిగిలిన పెద్దపేగుకు కలిపి కుడతారట. సర్జన్ గారు తెల్లకాగితం మీద బొమ్మ గీసి చూపించారు. కణితితో పాటు ఆ చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథులు కూడా తీస్తారు. కనీసం 12 గ్రంథులను పరీక్షిస్తే గానీ క్యాన్సర్ ఎంతవరకు పాకిందో నమ్మకంగా చెప్పలేరట. ఆ కాగితం అడిగి తెచ్చుకున్నాను. నా కడుపులో ఏం చేయబోతున్నారో నాకు తెలిసి ఉండాలి.

నవంబరు 2, ఆదివారం

ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు అని నిన్న ఇంట్లో మాట వచ్చింది. "కడుపులో చిన్న ఆపరేషన్ అని చెబుదాం" అన్నారు మా ఆయన. సీరియల్లో నేను డబ్బింగ్ చెప్పే అత్తగారి గొంతు ఇంకొకరికి వెళ్ళిపోతుందేమోనని ఆయన దిగులు. ఆ దిగులు నాకూ ఉంది.

రాత్రి పడుకున్నాక నటుడు అక్కినేని నాగేశ్వరరావు గారు గుర్తొచ్చారు. 2013 అక్టోబరు 19న విలేకరులను పిలిచి, తనకు క్యాన్సర్ అని తనే చెప్పారు. అప్పటికి 89 ఏళ్ళు నిండాయి. 1974లోనే అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకున్న మనిషి. క్యాన్సర్‌కి పెద్ద ఆపరేషన్ అయ్యాక కూడా 'మనం' సినిమాకి ఇంటి దగ్గర నుంచే డబ్బింగ్ చెప్పారు. 2014 జనవరి 22న వెళ్ళిపోయారు, సినిమా మే 23న విడుదలైంది. బయటికి చెప్పినందుకు ఆయుష్షేమీ పెరగలేదు. కానీ ఆ మూడు నెలలూ ఆయన ఎదుట ఎవరూ ఏమీ తెలియనట్టు నటించాల్సిన పని లేకపోయిందని నాకు అనిపిస్తుంది.

పొద్దున్నే లేచి మా ఆయనతో అన్నాను: "ఏమండీ, ఉన్నదున్నట్టు చెప్పేద్దాం."

నవంబరు 3, సోమవారం

ఫిల్మ్‌నగర్ స్టూడియోలో చెప్పేశాను. డబ్బింగ్ చూసే అబ్బాయి కాసేపు తల ఎత్తలేదు. తర్వాత, "అక్కా, ఈ వారం రోజూ రండి. చేతిలో ఉన్న ఎపిసోడ్లన్నీ చెప్పేద్దాం. ఎపిసోడ్ల బ్యాంకింగ్ ఉంటే మీరు వచ్చేదాకా నెట్టుకొస్తాం" అన్నాడు. నేను అడగకుండానే దారి దొరికింది. దాచిపెట్టి ఉంటే ఈ సాయం ఎవరు చేసేవాళ్ళు?

నవంబరు 4, మంగళవారం

మత్తు డాక్టరమ్మ దగ్గర పరీక్షలు. నా అసలు భయం అక్కడ చెప్పాను: గొంతు. ఊపిరి గొట్టం స్వరతంత్రుల మధ్య నుంచే వెళుతుంది కదా. కొన్నాళ్ళు గొంతు బొంగురుగా ఉండొచ్చని, ఎక్కువమందికి దానంతట అదే సర్దుకుంటుందని చెప్పి, ఫైల్లో 'డబ్బింగ్ ఆర్టిస్టు, గొంతు జాగ్రత్త' అని రాశారు. హిమోగ్లోబిన్ తక్కువగా ఉంది. కుడివైపు కణితి కనపడకుండా రక్తం కారుస్తూనే ఉంటుందట. నరం ద్వారా ఐరన్ ఎక్కించారు.

ఇంటికొచ్చి చదువుకున్నాను. మత్తు ఎంతవరకు క్షేమమో తేల్చడానికి మన హైదరాబాద్‌లోనే 1888లో ఒకటి, 1889లో ఒకటి క్లోరోఫాం కమిషన్లు వేశారు. ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు నడిపిస్తే ఆరో నిజాం ఖర్చు భరించారు. ఇక్కడే వైద్యం చదివిన రూపాబాయి ఫర్దూన్జీ ప్రపంచంలో మొదటి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరు. లారీ తేల్చిన సంగతులు కొన్ని తర్వాత నిలవలేదు. మత్తులో ఉన్న మనిషి శ్వాసను కనిపెట్టుకుని ఉండాలన్న పట్టుదల మాత్రం నిలిచింది. నేను నిద్రలో ఉన్నంతసేపూ నా శ్వాసను ఒకరు కాపలా కాస్తారన్నమాట. ధైర్యం వచ్చింది.

నవంబరు 5, బుధవారం, కార్తిక పౌర్ణమి

ఈ నెలంతా మా ఇంట్లో గుడ్డు ముట్టం. డైటీషియన్ ఏమో రోజుకు మూడు తెల్లసొనలు తినమంది. కోసిన చోట కండ కట్టాలంటే ప్రొటీన్ కావాలి, ఉపవాసాలు అసలే వద్దంది. అమ్మకు ఎలా చెప్పాలా అనుకుంటుంటే తనే ఉడకబెట్టి, పెంకు ఒలిచి తెచ్చింది. "దేవుడికి నేను చెప్పుకుంటాలే తల్లీ, నువ్వు తిను." సాయంత్రం దైవసన్నిధానం గుడిలో నా పేరున 365 వత్తులు తనే వెలిగించింది. ఉపవాసం కూడా నా బదులు తనే ఉంది.

నవంబరు 7, శుక్రవారం

మూడు బంతుల ఊపిరి పరికరం తెచ్చుకున్నాం. గాలి లోపలికి పీలిస్తే బంతులు పైకి లేవాలి. కడుపు మీద కుట్లుంటే నొప్పికి జనం లోతుగా ఊపిరి తీసుకోరు, దాంతో ఊపిరితిత్తుల్లో కఫం చేరి న్యుమోనియా రావచ్చు. అందుకే ఇప్పటి నుంచే అలవాటు చేసుకోమన్నారు. కడుపుకి దిండు అదుముకుని దగ్గడం కూడా నేర్పించారు. సాయంత్రాలు షేక్‌పేట సరాయి దాకా నడుస్తున్నాను. గోల్కొండకు వచ్చే బాటసారుల కోసం కుతుబ్‌షాహీలు కట్టించిన సత్రం అది. వీధుల్లో ఎన్నికల మైకులు హోరెత్తుతున్నాయి.

నవంబరు 8, శనివారం

రక్తం ఇచ్చేవాళ్ళు కావాలి. కింది వాటాలో ఉండే ఆపాకు విషయం చెప్పానో లేదో, ఇద్దరు కొడుకులనూ బ్లడ్‌బ్యాంకుకు పంపింది.

నవంబరు 9, ఆదివారం

అమ్మాయిని కూర్చోబెట్టి లాకర్ తాళం, బ్యాంకు కాగితాలు, ఇన్సూరెన్సు కార్డు అన్నీ చూపించాను. "అమ్మా, నీకు భయంగా ఉందా?" అంది. ఉందన్నాను. "నాకూ" అంది. ఇద్దరం ఏడ్చాం. తర్వాత బీరువా సర్ది బ్యాగు కట్టాం: ముందు గుండీలుండే నైటీలు, ఊపిరి పరికరం, దిండు, మందుల చీటీ.

నవంబరు 11, మంగళవారం

జూబ్లీహిల్స్ ఉపఎన్నిక. పొద్దున్నే వెళ్ళి ఓటేశాను. వరుసలో తెలిసినవాళ్ళు పలకరిస్తే ఎల్లుండి ఆపరేషన్ అని చెప్పాను. ఒకావిడ తనకు ఆరేళ్ళ కిందట ఇదే ఆపరేషన్ అయిందని చెప్పి, చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

నవంబరు 12, బుధవారం, ఆస్పత్రి

ఆపరేషన్‌కు ఆరు గంటల ముందు నుంచి అన్నం, టిఫిన్ బంద్, రెండు గంటల ముందు నుంచి మంచినీళ్ళు కూడా బంద్. మందు కలిపిన సబ్బుతో స్నానం చేయించారు. అంగీకార పత్రం ప్రతి పేజీ చదివాను. అతుకు ఊడి లీకయ్యే ప్రమాదం గురించి అడిగాను. అలా జరిగితే ఏం చేస్తారో సర్జన్ గారు దాచకుండా చెప్పారు. తర్వాతే సంతకం పెట్టాను.

కోసిన ముక్క రిపోర్టుకు వారం దాకా పడుతుంది. కీమో కావాలో వద్దో దాన్నిబట్టే. అమ్మాయికీ ఆయనకూ ఈ పేజీలో రాసి పెడుతున్నాను: అందులో ఏమున్నా, ముందు నాకు చెప్పండి. బయట వరండాలో గుసగుసలొద్దు. డాక్టరు గారిని నా మంచం దగ్గరికే పిలవండి, ముగ్గురం కలిసి విందాం.