మజిలీలు

మా రామచంద్రపురానికీ అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకూ దూరమెంత అని ఎవరైనా అడిగితే ఒకప్పుడు తడుముకోకుండా చెప్పేవాణ్ణి. హైదరాబాదు విమానాశ్రయం నుండి అక్కడి విమానాశ్రయానికి సుమారు 13,500 కిలోమీటర్లు. అట్లాసు ముందు పెట్టుకొని పసిఫిక్ మహాసముద్రం మీదుగా గీత గీస్తే ఈ లెక్క కుదరదు. గ్లోబు మీద ఆ రెండు నగరాల నడుమ దారం బిగించి చూడాలి. ఆ దారం ఉత్తరానికి సాగి, సైబీరియా, అలాస్కాల మీదుగా కిందికి దిగుతుంది. భూమి గుండ్రంగా ఉండటం వల్ల అదే దగ్గరి దారి.

2019 వేసవిలో మా అమ్మ మంచం పట్టింది. వైద్యులు ఆశ లేదన్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఉద్యోగం చేస్తున్న తమ్ముడికి కబురు చేశాను. మనకు అర్ధరాత్రి పన్నెండు గంటలవుతుండగా వాడు అక్కడ ఇల్లు వదిలాడు.

“పెద్దాడా, చిన్నాడు ఎప్పటికొస్తాడ్రా?” అని అడిగింది అమ్మ.

పెద్ద విమానం గంటకు దాదాపు 900 కిలోమీటర్లు పోతుంది. భాగించాను. పదిహేను గంటలు. హైదరాబాదు నుండి ఇంటికి మరో రెండు మూడు గంటలు. “రేపు దీపాలు పెట్టే వేళకు వచ్చేస్తాడమ్మా” అన్నాను.

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరి 1831లో తిరిగి వచ్చాడు. పదిహేను నెలల ప్రయాణం. ‘కాశీయాత్ర చరిత్ర’లో ఆయన దూరం ఒక్కటే చెప్పి ఊరుకోలేదు, ఎక్కడ దిగాడో, ఎక్కడ ఎన్నాళ్లు ఆగాడో మజిలీ మజిలీకీ రాసుకున్నాడు. ఆ గ్రంథాన్ని గురించి ఏళ్ల తరబడి పాఠం చెప్పినవాణ్ణి, మజిలీలను లెక్కలో వేయడం మరిచాను.

హైదరాబాదుకు నేరుగా విమానం ఆనాడు లేదు. తమ్ముడు దుబాయి మీదుగా వచ్చాడు. దుబాయికి సుమారు 13,000 కిలోమీటర్లు, అక్కడి నుండి హైదరాబాదుకు మరో రెండున్నర వేలు. విమానం ఎక్కడానికి మూడు గంటల ముందే చేరాలి. దుబాయిలో రెండున్నర గంటల నిరీక్షణ.

ఇక్కడ దీపాలు పెట్టాం. అమ్మ గుమ్మం వైపు చూస్తూనే ఉంది. రాత్రి గడిచింది. తెల్లవారుజామున మూడింటికి వాడు శంషాబాదులో దిగాడు. రాజమండ్రికి, అంటే మధురపూడికి, విమానం ఎనిమిదింటికి. అయిదింటికి అమ్మ కన్నుమూసింది. పదిహేనువేల కిలోమీటర్లు దాటి వచ్చినవాడు, గంట ప్రయాణం మిగిలి ఉండగా, ఆ సమయంలో ఒక కుర్చీలో కూర్చొని ఉన్నాడు. ఇల్లు చేరేసరికి పదిన్నర అయింది. సాయంత్రానికి వస్తావని చెప్పానన్న మాట వాడితో చాలాకాలం అనలేకపోయాను.

2021 జనవరి 9న ఎయిర్ ఇండియా విమానం శాన్‌ఫ్రాన్సిస్కో నుండి ఎక్కడా ఆగకుండా బెంగళూరుకు బయలుదేరింది. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో పైలట్లందరూ మహిళలే. ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా దాదాపు పదిహేడు గంటల్లో వచ్చారు.

“అన్నయ్యా, చూశావా? పదిహేడు గంటలేనట!” అని తమ్ముడు ఫోను చేశాడు.

“బెంగళూరులో ఎంతసేపు ఆగాలిరా?” అన్నాను.