పేరు ఆఖరున చూడాలి

పిల్లలూ! నేను ముప్ఫై ఏళ్లకు పైగా బడిలో పరీక్ష పేపర్లు దిద్దాను. కాని పేపరు ఎలా దిద్దాలో నాకు తెలిసింది ఉద్యోగం మానుకున్న తరవాత, ఒక దీపం దగ్గర! ఆ సంగతి చెబుతాను, వినండి.

అమెరికాలో న్యూయార్కు దగ్గర ఉంటున్న మా అమ్మాయిని చూడటానికి వెళ్లాను. పక్కింట్లో ఒక ముసలావిడ ఒంటరిగా ఉంటున్నది. ఖర్చు భరించలేక ఇల్లు అమ్మకానికి పెట్టింది. ఆవిడకు ఒక పాత దీపం ఉన్నది. దాని మీద గొడుగులాంటి షేడు. వందలకొద్దీ రంగుగాజు ముక్కలను అతికి చేశారు. అంచున “టిఫనీ స్టూడియోస్, న్యూయార్క్” అని ముద్ర ఉన్నది. ఆవిడ తల్లి ఎప్పుడో పాత సామాన్ల దుకాణంలో కొన్నదట.

లూయీ కంఫర్ట్ టిఫనీ (1848–1933) న్యూయార్కులో గాజుపని కార్ఖానా నడిపినవాడు. ఒక కాలంలో ఆయన దీపాల మీద జనానికి మోజు పోయింది. 1935లో ఈగన్ న్యూస్టాట్ అనే దంతవైద్యుడూ, ఆయన భార్యా అలాంటి దీపాన్ని 12 డాలర్ల 50 సెంట్లకే కొన్నారు. అదే 2018లో, కలువపూల దీపం ఒకటి వేలంలో 33 లక్షల డాలర్లకు పైగా పలికింది! కనక ముసలావిడ దీపం అసలుదైతే ఆవిడ ఇల్లు అమ్మనక్కరలేదు.

వెల కట్టే నిపుణుడు వచ్చాడు. నేను ఉండబట్టలేక, “ఇదుగో ముద్ర!” అని చూపించాను. ఆయన నవ్వి, ముద్ర మీద చిన్న కాగితం అంటించేశాడు.

“పేరు ఆఖరున చూద్దాం, మాస్టారూ. ముందు పని చూద్దాం,” అన్నాడు.

మొదట దీపం ఆర్పి చూశాడు, తరవాత వెలిగించి చూశాడు. మంచి గాజుకు రంగు పైన పూయరు. కరిగిన గాజులోనే కలుపుతారు. అందుచేత ఒకే ముక్కలో రంగు ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా ఉంటుంది. తరవాత భూతద్దంతో అతుకులు చూశాడు. ప్రతి ముక్క అంచుకూ పలచని రాగిరేకు చుట్టి, ముక్కలను పక్కపక్కన పేర్చి మాటు వేస్తారు. చివరకు వేలి కణుపుతో మెల్లిగా తట్టాడు. ముక్కలు కొద్దిగా గలగలలాడాయి. ఏళ్లు గడిచినకొద్దీ అతుకులు కాస్త వదులవుతాయి.

“పని మంచిదే, పాతదే. కాని టిఫనీ గాజుకున్న వన్నె దీనికి లేదు,” అంటూ కాగితం తీశాడు. చుట్టూ లోహం నల్లబడి ఉన్నది. అక్షరాల లోపల మాత్రం అంత నల్లబడలేదు. ఎవరో తరవాత కొట్టిన దొంగముద్ర! వెల కొన్ని వందల డాలర్లే.

మా మనవరాలు, “అసలు దీపాలన్నీ టిఫనీ గారే చేశారా?” అని అడిగింది.

“లేదమ్మా. అక్కడ గాజు కోసే ఆడవాళ్ల విభాగానికి క్లారా డ్రిస్కల్ పెద్ద. తూనీగల దీపం ఆవిడ కల్పనే. 1900లో పారిస్ ప్రదర్శనలో దానికి బహుమానం వచ్చింది. కాని దీపాల మీద ఆవిడ పేరు లేదు. ఇంటికి రాసిన ఉత్తరాలు బయటపడ్డాకనే ఆ సంగతి తెలిసింది. 2007లో న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీవారు ఆవిడ పని గురించి ప్రదర్శన పెట్టారు,” అన్నాడాయన.

ముసలావిడ ఇల్లు అమ్మేసింది. దీపం మాత్రం అమ్మలేదు. “అమ్మ దీని వెలుగులోనే నాకు కథలు చదివేది,” అని వెంట తీసుకుపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒకప్పుడు నా తరగతిలో లెక్కలు రాని కుర్రవాడొకడు ఉండేవాడు. ఒక పరీక్షలో వాడు కష్టమైన లెక్కను చక్కగా చేశాడు. నేను పేపరు మీద పేరు చూసి, “వీడికెక్కడ వస్తుంది? పక్కవాణ్ణి చూసి రాసుంటాడు,” అనుకుని మార్కులు కొట్టేశాను. వాడు ఏమీ అనలేదు. కాని ఆ తరవాత లెక్కల గంటలో చెయ్యి ఎత్తడం మానేశాడు.

ఆనాడు నేనూ పేరు మీద కాగితం అంటించి ఉండవలసింది. వాడు ఇప్పుడెక్కడ ఉన్నాడో! వాడి పిల్లలు ఈ పత్రిక చదువుతూ ఉంటే, మాస్టారు తప్పు ఒప్పుకున్నారని వాళ్ల నాన్నకు చెప్పాలి.