మేము జీపు కొన్నాం

మా ఇంటి ముందు ఇప్పుడు ఒక జీపు ఉంది. పాతది. ముందు బంపరు ఒకవైపుకి ఒంగిపోయింది. వెనక తలుపు రెండుసార్లు గట్టిగా కొడితేగాని పడదు. మమ్మల్ని పదేళ్లుగా ఎరిగినవాళ్లు దాన్ని చూసి నవ్వుతారు. నవ్వే హక్కు వాళ్లకుంది. సొంత బండి కొనబోమని గూడెం గూడెం తిరిగి చెప్పింది మేమే మరి.

మేమిద్దరం భార్యాభర్తలం. పాడేరు ఏజెన్సీలో గూడేల్లో పుట్టి, అక్కడి పిల్లలకే పాఠాలు చెప్పుకుంటున్నవాళ్లం. ఈ వ్యాసం ఇద్దరం కూర్చుని రాస్తున్నాం కాబట్టి ‘మేము’ అంటున్నాం. మధ్యలో మాకు పేచీ వచ్చిన చోట ఎవరు ఏ పక్క నిలబడ్డారో మాత్రం రాయం.

మేము బీఈడీ చదివే రోజుల్లో బాక్సైట్ గొడవ మళ్లీ రేగింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గనుల కోసం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకి ఇవ్వకూడదని సమత కేసులో 1997లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా 2015లో జి.ఓ. 97 వచ్చింది. చింతపల్లి, జెర్రెల కొండల్లో తవ్వకాలకు అటవీ భూమి ఇస్తామన్నారు. సంతల్లో, రోడ్ల మీద జనం కూర్చున్నారు. మేమూ కూర్చున్నాం. చివరికి 2019లో ఆ జి.ఓ. రద్దయింది.

ఆ రోజుల్లో మాకు ఒక లెక్క తలకెక్కింది. ఒక టన్ను అల్యూమినియం కావాలంటే సుమారు నాలుగు టన్నుల బాక్సైట్ తవ్వాలి. దాన్ని కరిగించి తీయడానికి పద్నాలుగు వేల యూనిట్ల దాకా కరెంటు కావాలి. ఆ అల్యూమినియం ఎక్కడికి పోతుంది? కరెంటు తీగలకి, విమానాలకి, గిన్నెలకి, కార్ల ఇంజన్లకి, చక్రాలకి. బాక్సైట్ ఉన్న కొండ నెత్తి వానను స్పంజిలా పీల్చుకుని ఎండాకాలంలో కూడా గెడ్డలకి నీళ్లు వదులుతుంది. ఆ నెత్తి చెక్కేసి తీసిన లోహంతో చేసిన బండిలో మనం ఎలా తిరుగుతామని ఒట్టు పెట్టుకున్నాం. అల్యూమినియం గిన్నెల్లోనే అన్నం వండుకుంటున్నామన్న సంగతి అప్పుడు తట్టలేదు.

ఉద్యోగాలొచ్చాక కూడా ఆ ఒట్టు తప్పలేదు. తోటి టీచర్లు ఒక్కొక్కరే అప్పు చేసి కార్లు కొన్నారు. మేము ఆర్టీసీ బస్సు ఎక్కాం. బస్సు లేకపోతే సర్వీసు జీపు ఎక్కాం. పైన పదిమంది, వెనక వేలాడుతూ ఆరుగురు, లోపల కోళ్ల గంపలు. తరగతిలో పిల్లలకి డీజిల్ లెక్క చెప్పేవాళ్లం. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరు డీజిల్ కిలో కూడా తూగదు కదా, పొగ అంత ఎలా తూగుతుందని పిల్లలు అడుగుతారు. డీజిల్లోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌ని కలుపుకుంటుందని బోర్డు మీద వేసి చూపిస్తాం. (టీచర్లకి ఒక మాట: తొమ్మిదో తరగతి పిల్లలకి ఈ లెక్క బాగా పడుతుంది. చేసి చూడండి.)

ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది. మాకు సొంత బండి లేదుగాని బండి అవసరం లేకుండా ఏమీ బతకలేదు. మా పిల్లాడికి జ్వరం వచ్చిన రాత్రి పక్కింటి టీచరు కారే ఎక్కాం. సంత బియ్యం, గ్యాస్ బండ, బడి పుస్తకాలు అన్నీ ఎవరో ఒకరి బండిలోనే వచ్చాయి. డీజిల్ వాళ్లది, నిష్ఠ మాది.

మేము రోడ్డు మీద ఊళ్లో ఉంటాం. మా ఇంటి చిన్నవాడు, మాలో ఒకరికి తమ్ముడు, ఒకరికి మరిది, లోపలి గూడెంలోనే ఉన్నాడు. అక్కడికి అయిదు కిలోమీటర్ల కాలిబాట, మధ్యలో ఒక గెడ్డ. మూడేళ్ల కిందట ఆషాఢంలో వాడి భార్యకి ఎనిమిదో నెల నడుస్తోంది. నెలలు నిండకముందే కిందకి తెచ్చి గర్భిణుల వసతి గృహంలో ఉంచుదామనుకున్నాం. ఊడ్పులు కానీ, వచ్చేస్తానంది. రాత్రి పదకొండింటికి నొప్పులు మొదలయ్యాయి.

డోలీ కట్టడం మాకు తెలియని పని కాదు. పొడుగాటి కర్రకి దుప్పటి మూటలా కట్టి, మనిషిని అందులో పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజానికెత్తుకోవడం. మరో ఇద్దరు పక్కన నడుస్తూ భుజం మార్చుకుంటారు. వానలో బాట జారుతుంది. గెడ్డ దగ్గర చెప్పులు విప్పి, నీళ్లు నడుము దాకా ఉంటే కర్రని తల మీదకి ఎత్తుకోవాలి. ముందు సెల్‌ఫోన్ లైటు పట్టుకుని ఒక ఆడమనిషి నడుస్తుంది. ఆ రాత్రి అయిదు కిలోమీటర్లకి అయిదు గంటలు పట్టింది. తెల్లవారుజామున డోలీని మా గుమ్మం ముందు, పనస చెట్టు కింద దించారు.

మా దగ్గర ఏముంది? ఫోనుంది. సిగ్నల్ కోసం కొండ మలుపు దాకా పరుగెత్తి 108కి చేశాం. అది ఇంకో కేసు మీద దూరం వెళ్లింది, రెండు గంటలు పడుతుందన్నారు. పక్కింటి టీచరు సెలవులకి కారేసుకుని ఊరెళ్లాడు. ఆ రోజు సంత కాదు, సర్వీసు జీపులు రావు. బిడ్డ ఆ పనస చెట్టు కిందే పుట్టాడు. ఏడవలేదు. తల్లిని కూరగాయల వ్యానులో పాడేరు తీసుకెళ్లాం, ఆమె దక్కింది.

జీపు ఉంటే ఆ బిడ్డ బతికేవాడని మేం అనం. జీపున్నా ఆ అయిదు కిలోమీటర్లూ డోలీయే. కానీ చెట్టు కింద గడిచిన ఆ సమయం గెడ్డ వల్ల కాదు, వాన వల్ల కాదు. మూడో రోజు అమ్మ మాతో ఒక్క మాటంది. “బండి కొనమన్నారు, మంచిదే. కొనకుండా మీరు దించుకున్న బరువు ఈ గుంటడి బుజం మీదకొచ్చింది గదా.” మా తమ్ముడు గోడ పక్కన కూర్చుని ఉన్నాడు. కుడి భుజం మీద తోలు లేచిపోయి ఉంది. వాడు మమ్మల్ని ఏమీ అనలేదు. ఈ రోజుకీ అనలేదు.

అయినా వెంటనే కొనలేదు. ఆరు నెలలు ఇద్దరం పోట్లాడుకున్నాం. అందరూ మనలాగే ఏదో ఒక కారణం చెప్పి కొంటారు, ప్రతి కారణం నిజమే అవుతుంది, కొండ మాత్రం తరుగుతూనే ఉంటుందని ఒకరి వాదన. ఊళ్లో వెయ్యి కార్లు తిరుగుతుంటే లెక్క అడగనివాళ్లు గూడెంలో ఒక్క జీపు దగ్గరే లెక్క తీస్తారా, పొదుపంతా డోలీ మోసేవాడి దగ్గరే మొదలవ్వాలా అని ఇంకొకరి వాదన. రెండో వాదన గెలిచింది. మొదటిది ఓడలేదు. ఇప్పటికీ రాత్రిపూట లేచి కూర్చుంటుంది.

కాఫీ, మిరియాల డబ్బు ఒక ఏడాదిది, పైన కొంత అప్పు. మొత్తం రెండు లక్షల అరవై వేలు. తమ్ముడు డ్రైవింగ్ నేర్చుకుని లైసెన్సు తీశాడు. తెల్ల నెంబరు బండికి కిరాయి తీసుకోకూడదు కాబట్టి ఎవరి దగ్గరా తీసుకోం. డీజిల్ మేమే పోయిస్తాం. గూడెం పెద్దలతో కూర్చుని ఒక నోటు పుస్తకం పెట్టాం. ఏ రోజు, ఎవరి కోసం, ఎన్ని కిలోమీటర్లు అన్నీ అందులో రాయాలి. ముందు ఆసుపత్రి, తర్వాత పిల్లల పరీక్షలు. సర్వీసు జీపు దొరికే రోజున సంతకి తీయకూడదు. ఈ కట్టుబాటు మొదట తప్పింది ఎవరనుకున్నారు? మేమే. మొదటి దసరాకి బట్టల కోసం విశాఖ వెళ్లొచ్చాం. పుస్తకంలో ఆ పేజీ ఉంది, చింపలేదు.

నెలకి నలభై లీటర్ల దాకా కాలుతుంది. ఏడాదికి దాదాపు టన్నుంపావు కార్బన్ డయాక్సైడ్. ఈ అంకె తరగతిలో బోర్డు మీద మేమే వేశాం. కిందటేడు ఒక పిల్ల లేచి, “ఆ టన్నుంపావులో మా అమ్మది ఎంత మేష్టారూ?” అని అడిగింది. పాము కరిచినప్పుడు వాళ్లమ్మని మా జీపులోనే తీసుకెళ్లాం. పుస్తకం తెచ్చి చూశాం. రానూపోనూ అరవై రెండు కిలోమీటర్లు, అయిదు లీటర్లు, పదమూడున్నర కిలోలు. ఆ పిల్ల నోటుబుక్కులో రాసుకుంది.

మేము అనుకోనిది ఇంకొకటి జరిగింది. జీపు వచ్చాక గూడెం రోడ్డు అడగడం మొదలుపెట్టింది. ఇన్నాళ్లూ కాలిబాటతో సరిపెట్టుకున్నవాళ్లు గ్రామసభలో అర్జీ పెట్టారు. గెడ్డ మీద చిన్న వంతెన కావాలని అందరూ ఒప్పుకున్నారు. రోడ్డు వెడల్పు దగ్గర తేలలేదు. జీపు పట్టేంత చాలు, అంతకు మించితే లారీలొస్తాయని ముసలివాళ్లు అంటున్నారు. లారీలొస్తేనే కాఫీకి మంచి రేటొస్తుందని కుర్రాళ్లు అంటున్నారు. వెడల్పు చేస్తే దారి పొడుగునా పనస, చింత, ఇప్ప కలిపి నూట పది చెట్లు పోతాయి. మేమే వెళ్లి లెక్కపెట్టాం.

వచ్చే నెల గ్రామసభ మళ్లీ కూర్చుంటుంది. ఈలోగా మా చిన్నవాడి భార్యకి ఏడో నెల వచ్చింది. ఈసారి ఊడ్పుల మాట ఎవరూ వినలేదు. వారం కిందటే ఆమెని మా ఇంటికి తెచ్చేశాం. జీపు బ్రేకులు చూపించి, ట్యాంకు నింపి, పనస చెట్టు కింద పెట్టాం.