ఉపగ్రహానికి విండోస్ అక్కర్లేదు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగారు. కవితలు రాసేవాళ్ళు మన హాస్టల్లో చాలామందే ఉన్నారు కాబట్టి మేము లినక్స్ గురించి రాస్తున్నాం. మేమంటే ఎం.సి.ఏ. చదువుతున్న ముగ్గురం. ముగ్గురి ఇళ్ళలోనూ డిగ్రీ పూర్తిచేసింది మేమే మొదలు. మిరపకోతల కూలి డబ్బులు కూడబెట్టి ఇంట్లోవాళ్ళు కొనిచ్చిన పాత లాప్‌టాప్‌లో విండోస్ నత్తలా నడిచేది. లినక్స్ ఎక్కించాక పని సాగింది. అంతేగానీ మాకు అదొక సిద్ధాంతమేమీ కాదు.

కిందటేడు ప్రాజెక్టు పనిమీద దోర్నాల దాటి నల్లమల అంచున ఒక గూడెం బడికి వెళ్ళాం. అక్కడ ఫోన్ సిగ్నల్ అందదు. అందుకని దాతలెవరో ఉపగ్రహ ఇంటర్నెట్ పెట్టిస్తున్నారు. బడికి వచ్చిన రెండు కంప్యూటర్లూ ఎవరో వాడి వదిలేసినవే, 2 జి.బి. మెమరీవి. వాటిలో తెలుగు మెనూలతో లినక్స్ ఎక్కించాం. (లినక్స్‌ను తెలుగులోకి తేవడానికి హైదరాబాద్‌లో ‘స్వేచ్ఛ’ వాళ్ళు చేసిన కృషి మన సీనియర్లకు తెలిసే ఉంటుంది.) డిష్ బిగించడానికి వచ్చినాయన తెర చూసి, “ఇందులో విండోస్ లేదు కదా బాబూ, కనెక్షన్ ఇవ్వడం కుదరదు” అన్నాడు. కొత్త చోటికి వెళ్తే ముందు “మీది ఏ పేట?” అని అడగడం మనకు అలవాటే. కంప్యూటర్లనూ అడుగుతారని అప్పుడే తెలిసింది.

ఆయన మాట ఉత్తదేమీ కాదు. 2000 ప్రాంతంలో కొన్ని ఉపగ్రహ సర్వీసులకు కంప్యూటర్ లోపలే ఒక కార్డు బిగించేవారు. మనకు వచ్చే సమాచారం డిష్ నుంచి దిగేది, మనం పంపేది టెలిఫోన్ లైను మీద పోయేది. కార్డుతో వచ్చే సీడీ చాలావరకు విండోస్‌కే పనికొచ్చేది. ఇప్పుడు ఆ పనంతా బయట ఉండే మోడెమ్ చేస్తుంది. కంప్యూటర్ వైరు అందుకుని మోడెమ్ ఇచ్చే అడ్రసు తీసుకుంటే చాలు.

“అన్నా, ఒక్కసారి వైరు పెట్టి చూద్దాం” అని బతిమాలాం. లేకపోతే ఆ రెండూ మూలపడేవే. విండోస్ కొనే డబ్బు బడికి లేదు, కొన్నా వాటిలో నడవదు. వైరు పెట్టాం. అడ్రసు వచ్చింది. పింగ్ చేస్తే 600 మిల్లీసెకన్లు దాటింది. “చూశారా, లినక్స్ వల్లే నిదానం” అన్నాడాయన. ఆ ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మన ప్రశ్న పైకెక్కి దిగాలి, జవాబు మళ్ళీ ఎక్కి దిగాలి. మొత్తం 1,44,000 కిలోమీటర్లు. కాంతి వేగంతో పోయినా అర సెకను పడుతుంది. ఆయన తన విండోస్ లాప్‌టాప్ తగిలించి చూసుకున్నాడు. ఇంచుమించు అదే అంకె. నవ్వేసి కాగితం మీద సంతకం పెట్టాడు.

అసలు ఇబ్బందులు వేరు. గట్టి వాన పడితే సిగ్నల్ పోతుంది. నెలకు ఇంత డేటా అని లెక్క ఉంటుంది. అందుకే ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేసి, వాటిని గుంటూరులోనే పెన్‌డ్రైవ్‌లోకి దింపుకుని పట్టుకెళ్ళేవాళ్ళం. స్టార్‌లింక్ ఉపగ్రహాలు అంతకంటే చాలా తక్కువ ఎత్తులోనే తిరుగుతాయి కనుక వాటితో ఆలస్యం బాగా తక్కువ. దానికి 2025లో మన దేశంలో లైసెన్సు వచ్చింది. ధర గూడేలకు అందుతుందా అన్నదే మా అనుమానం.

పిల్లలు మొదట వెతికింది శ్రీశైలం డ్యాం ఫోటో. అది పైనుంచి కొంచెం కొంచెంగా దిగుతుంటే, గేట్లు ఎప్పుడు కనబడతాయా అని ఒకటే అరుపులు.

ఆ పెన్‌డ్రైవ్ ఇప్పుడు మా గదిలోనే ఉంది. పాత కంప్యూటర్ ఉన్న తమ్ముళ్ళు ఆదివారం పూట రండి.