నొప్పి లేని రోగానికే తొందర ఎక్కువ

బెంగళూరు బళేపేటలో వాయిద్యాల దుకాణాల్లో, హోల్‌సేల్ కొట్లలో పొద్దుపోయేదాకా నిలబడే తెలుగువాళ్లకు పళ్ల డాక్టరు దూరమేం కాదు. విక్టోరియా ఆసుపత్రి దగ్గర 1958 నాటి ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. పేట నుంచి నడిచే వెళ్లొచ్చు. అయినా తోముకున్న నురగలో ఎర్రజీర కనిపిస్తే ఉప్పునీళ్లు పుక్కిలించి, 'పండక్కి ఊరెళ్లినప్పుడు చూపించుకుందాంలే' అనుకోవడం సొంతూరు వదిలి వచ్చిన మనకు అలవాటైపోయింది. నొప్పి లేదు గనక తొందర లేదన్నది మన లెక్క. చిగుళ్ల జబ్బు విషయంలో ఆ లెక్క పూర్తిగా తప్పు. చాలామందిలో అది నొప్పి తెలియనివ్వకుండానే పంటిని పట్టుకున్న ఎముకను కరిగిస్తుంది.

1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో అనే పరిశోధకుడి బృందం ఆరోగ్యంగా ఉన్న 12 మంది చేత పళ్లు తోమడం మాన్పించింది. మూడు వారాలు తిరక్కుండానే అందరి చిగుళ్లూ ఎర్రబడి వాచాయి. మళ్లీ శుభ్రంగా తోమడం మొదలుపెడితే వారం, పది రోజుల్లో మామూలయ్యాయి. అంటే మొదట్లో పట్టుకుంటే జబ్బు పూర్తిగా వెనక్కి మళ్లుతుంది. పాచి గారగా గట్టిపడి, చిగురు పంటిని వదిలి లోపల సందు పడ్డాక మాత్రం బ్రష్ అక్కడికి చేరదు, పోయిన ఎముక దానంతటది తిరిగి రాదు. దంత వైద్యమన్నదే అందని 480 మంది శ్రీలంక తేయాకు తోట కార్మికులను 1970 నుంచి 15 ఏళ్లు గమనిస్తే, 8 శాతం మందిలో జబ్బు వేగంగా, 81 శాతంలో ఓ మోస్తరుగా ముదిరింది. 11 శాతంలో చిగుళ్ల వాపు దాటి పోలేదు. ఆ 11 శాతంలో మనమూ ఉన్నామేమోనని ఆశపడవచ్చు గానీ, ఆ సంగతి డాక్టరు చిగురు సందు లోతు కొలిచి చూస్తేనే తేలుతుంది.

క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయన్న భయం చాలామందిది. కదిలించేది క్లీనింగ్ కాదు, అప్పటికే పోయిన ఎముక. గార తీసేశాక ఆ ఖాళీ బయటపడుతుంది, అంతే. మెడికల్ షాపు బిళ్లలతో వాపు తగ్గిందంటారు. నిజమే, కానీ గార, దాని మీది సూక్ష్మజీవులు అక్కడే ఉంటాయి కాబట్టి చీము మళ్లీ పడుతుంది. పొగ తాగేవారికి రక్తం కూడా అంతగా కనపడదు. రాలేదని ధీమా పడటానికి లేదు. షుగరు ఉంటే చిగుళ్ల జబ్బు ముదురుతుంది, చిగుళ్ల జబ్బు ముదిరితే షుగరు అదుపు తప్పుతుంది. ఒక పూట బేరం పోతుందన్న బాధ నిజమే. కానీ పళ్లు ఊడితే కట్టుడు పళ్లకు పోయే పూటలూ డబ్బూ అంతకు ఎన్నో రెట్లు.

అందుకే తోమినప్పుడల్లా రక్తం వస్తున్నా, చిగురు నొక్కితే చీము కనిపించినా, పన్ను కదులుతున్నా పండగ దాకా ఆగకుండా ఈ వారంలోనే చూపించుకోవాలి. దవడ కింద వాచి, జ్వరం వచ్చి, నోరు తెరవడం, మింగడం కష్టమైతే తెల్లారేదాకా కూడా ఆగొద్దు. ఆ చీము గొంతు వైపు పాకితే ఊపిరే ఆడదు. ఆ రాత్రే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి.